హాల్లో స్టీరియో స్పీకర్లు: ఏ గోడకు, ఎంత దూరంలో, ఎటు తిప్పి పెట్టాలి

స్పీకర్ల జోడీ కొనేముందు నెలల తరబడి ఆరా తీస్తాం. ఇంటికొచ్చాక టీవీకి అటొకటి ఇటొకటి గోడకు ఆనించి పెట్టేస్తాం. అట్లా పెట్టిన స్పీకర్లో బేస్ (బరువైన కింది స్వరాలు) బొంయ్ మంటుంది, పాడేవాళ్ల గొంతు టీవీ వెనక ఇరుక్కున్నట్టు వినిపిస్తుంది. తప్పు స్పీకర్‌ది అనుకొని ఆంప్లిఫయర్ మార్చేవాళ్లు, ఖరీదైన వైరు కొనేవాళ్లు చాలామంది ఉన్నారు. డబ్బు పెట్టేముందు ఒక ఆదివారం పొద్దున టేపు పట్టుకొని స్పీకర్లను జరిపి చూడండి. దానికి పైసా ఖర్చు లేదు, వచ్చే తేడా మాత్రం ఆంప్లిఫయర్ మార్చినదానికన్నా పెద్దది.

మన ఇళ్ల సంగతి ముందే చెప్పుకోవాలి. హన్మకొండలోనైనా, కరీంనగర్‌లోనైనా ఈమధ్య కట్టిన ఇంట్లో ఇటుక గోడ, దాని మీద సిమెంటు పూత, పుట్టీ, కింద వెట్రిఫైడ్ టైల్స్, పైన స్లాబు. శబ్దాన్ని పీల్చుకునే వస్తువు హాల్లో సోఫా ఒక్కటే. పరాయి దేశాల పుస్తకాల్లో ఇచ్చే కొలతలు ఎక్కువగా చెక్క చట్రం మీద జిప్సం పలకలు కొట్టిన, కార్పెట్ పరిచిన గదులకు రాసినవి. ఆ గోడలు కొంత ఊగి బేస్‌ను బయటికి వదిలేస్తాయి. మన గోడ ఊగదు, వచ్చిన బేస్‌ను వచ్చినట్టే లోపలికి తిప్పి కొడుతుంది. మట్టి గోడల పాత పెంకుటింట్లో ఉండేవాళ్లకు ఈ బాధ తక్కువ. పెంకుల సందుల్లోంచి బేస్ పోతుంది, దూలాలు, వాసాలు పై శబ్దాన్ని, అంటే సన్నని కీచు స్వరాలను, చెదరగొడతాయి. అట్లాంటి అర్ర ఒకటి ఖాళీగా ఉంటే పాటలు వినడానికి దాన్నే వాడుకోండి.

కావలసినవి: 5 మీటర్ల టేపు, ఒక ఉండ సుతిలి, మాస్కింగ్ టేపు, చేతి అద్దం, స్పిరిట్ లెవెల్, 1.5 వోల్టుల సెల్లు ఒకటి, నోటు పుస్తకం. తోడుగా ఒక మనిషి. మొత్తం పని మూడు గంటలు.

1. గోడను ఎంచుకోవడం

హాలు పొడవు 16 ఫీట్లు, వెడల్పు 12 ఫీట్లు, ఎత్తు 10 ఫీట్లు అనుకుందాం. ఈ వ్యాసంలో లెక్కలన్నీ ఈ కొలతకే. స్పీకర్లను 12 ఫీట్ల గోడ వైపు పెట్టి, శబ్దం పొడవు దిక్కున పోయేలా చూడాలి. పొడుగు గోడకు పెడితే కూర్చునే సోఫా ఎదుటి గోడకు ఆనుకుంటుంది. తల వెనకే గోడ ఉంటే బేస్ ఉబ్బుతుంది, గొంతు మసకబారుతుంది.

అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కు. హాలుకు ఒక పక్క గోడ ఉంటుంది, రెండో పక్క డైనింగ్ వైపు తెరిచి ఉంటుంది. గోడ ఉన్న పక్క స్పీకర్ గట్టిగా, తెరిచిన పక్కది పలచగా వినిపిస్తుంది. రెండు పక్కలా ఒకే రకం గోడ ఉన్న దిక్కు దొరికితే, అది కొంచెం ఇరుకైనా సరే, దాన్నే పట్టుకోండి. దొరక్కపోతే గోడ ఉన్న పక్కన దూది పలక పెట్టాలి, దాని సంగతి 9వ మెట్టులో ఉంది. బ్యాలెన్స్ మీట తిప్పి సరిచేద్దామనుకుంటే గొంతు మధ్యకు వస్తుంది కానీ బేస్ తేడా అట్లాగే ఉంటుంది.

చతురస్రపు గది అన్నిటికన్నా మొండిది. ఎందుకో కింది లెక్కలో తెలుస్తుంది.

2. రెండు అంకెలు: 570, 285

ఈ రెండూ నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. శబ్దం వేగం గాలి వేడిని బట్టి మారుతుంది. మన దగ్గర గదిలో ఉండే 28 డిగ్రీల వేడికి సెకనుకు సుమారు 1140 ఫీట్లు. దాని సగం 570, దాని పావు 285.

570ని గది కొలతతో భాగిస్తే ఆ రెండు గోడల మధ్య మోగే మొదటి స్వరం ఎన్ని హెర్ట్జ్‌లో (సెకనుకు ఎన్ని ఊపులో) తెలుస్తుంది. 16 ఫీట్లకు దాదాపు 36 హెర్ట్జ్, 12 ఫీట్లకు 47, 10 ఫీట్ల ఎత్తుకు 57. ఈ స్వరాలు పాటలో వచ్చినప్పుడల్లా గది తనూ గొంతు కలుపుతుంది. గది 12 × 12 అయితే పొడవు, వెడల్పు రెండూ 47 దగ్గరే మోగుతాయి. ఒకే స్వరం రెండింతలు ఉబ్బుతుంది, చతురస్రం మొండిదన్నది అందుకే. ఈ మోత గోడల దగ్గర అన్నిటికన్నా ఎక్కువ, గదికి సరిగ్గా నడిమధ్యలో దాదాపు సున్నా. కాబట్టి గోడకు ఆనుకొని కూర్చోవద్దు, నట్టనడుమా కూర్చోవద్దు. పొడవులో 38 శాతం దగ్గర, అంటే మీ వీపు వెనక గోడ నుంచి దాదాపు 6 ఫీట్ల దూరంలో తల ఉండేలా మొదలుపెట్టండి.

285 స్పీకర్ వెనక గోడ కోసం. బేస్ స్పీకర్ డబ్బా చుట్టూ పాకి వెనక గోడకు తగిలి తిరిగి వస్తుంది. ఒకానొక స్వరం దగ్గర ఆ తిరిగొచ్చిన అల ముందుకు పోయే అలకు ఎదురుపడి దాన్ని చంపేస్తుంది. డబ్బా ముందు ముఖం నుంచి గోడ వరకు ఉన్న దూరంతో 285ని భాగిస్తే ఆ స్వరం దొరుకుతుంది. 1 ఫీటుకు 285 హెర్ట్జ్, 2 ఫీట్లకు 142, 3 ఫీట్లకు 95, 4 ఫీట్లకు 71. మగ గొంతుకు బలమిచ్చే భాగం 100 నుంచి 200 మధ్య ఉంటుంది. 2 ఫీట్ల దగ్గర పెడితే గుంట సరిగ్గా అక్కడే పడుతుంది. గొంతు పీలగా ఉందని చాలామంది వాపోయేది దీని వల్లే. 3 ఫీట్లకు జరిపితే గుంట 100 కిందికి పోతుంది. ఈ లెక్క వెనక గోడకే సరిపోతుంది. పక్క గోడల దగ్గర కోణం వేరు కాబట్టి అంకె మారుతుంది.

3. గదికి నడి గీత

స్పీకర్ వెనక గోడ పొడవు కొలిచి, సగం దగ్గర మాస్కింగ్ టేపు ముక్క అంటించండి. ఎదుటి గోడకూ అట్లాగే. రెంటి మధ్య సుతిలి బిగించి నేల మీద పరిస్తే అదే నడి గీత.

టైల్స్ ఉన్న హాల్లో నేలే గీతల పుస్తకంలా ఉంటుంది. కానీ రెండు జాగ్రత్తలు. మేస్త్రీలు ఒక గోడ నుంచి నిండు టైల్స్ వేసుకుంటూ పోయి, చివర ముక్క కోసి పెడతారు. కాబట్టి టైల్ గీత గది నడి గీత కాదు. రెండోది, 2 × 2 అని అమ్మే టైల్ నిజానికి 600 మిల్లీమీటర్లు, అంటే 23.6 ఇంచులు. నాలుగు టైల్స్ లెక్కపెట్టి 8 ఫీట్లు అనుకుంటే ఇంచున్నర తప్పుతారు. దూరాలకు టేపునే నమ్మండి. టైల్ గీతను గోడ వంకరగా ఉందో లేదో చూసుకోవడానికి వాడండి. గోడ పొడవునా టైల్ గీతకు, గోడకు మధ్య ఎడం మారుతుంటే గోడ మూలమట్టానికి లేదని అర్థం. అప్పుడు స్పీకర్లను గోడతో కాక టైల్ గీతతో కలపండి.

4. స్పీకర్లకు మొదటి జాగ

నడి గీత నుంచి చెరో పక్క 3 ఫీట్ల 9 ఇంచుల దూరంలో గుర్తు పెట్టండి. అంటే రెండు స్పీకర్ల ట్వీటర్ల (పై శబ్దం పలికే చిన్న గుండ్రటి భాగాల) మధ్య ఏడున్నర ఫీట్లు, పక్క గోడకు రెండుంపావు ఫీట్లు. డబ్బా ముందు ముఖం వెనక గోడ నుంచి 3 ఫీట్లు. పక్క గోడ దూరం, వెనక గోడ దూరం ఎప్పుడూ ఒకే అంకె కాకూడదు. రెండు గోడల దెబ్బ దగ్గర దగ్గర స్వరాల మీదే పడి గుంట లోతెక్కుతుంది.

ఇక తల ఉండే చోటు. స్పీకర్ల మధ్య ఎంత దూరమో, ఒక్కో స్పీకర్ నుంచి తలకూ అంతే దూరం ఉండాలి. ఆ సమభుజ త్రిభుజంలో స్పీకర్ల గీత నుంచి నేరుగా ఆరున్నర ఫీట్లు వెనక్కి వస్తే తల చోటు. 3 ప్లస్ ఆరున్నర, తొమ్మిదిన్నర. మన వెనక ఇంకా ఆరున్నర ఫీట్లు మిగులుతుంది. పొడవులో దాదాపు 40 శాతం, పైన చెప్పిన 38కి దగ్గరే. ఈ గదికి రెండు లెక్కలూ ఒకే చోట కలిశాయి. మీ గదిలో కలవకపోతే ముందు తల చోటును కాపాడండి, త్రిభుజాన్ని చిన్నది చేసుకోండి. 6 ఫీట్ల త్రిభుజంలోనూ బ్రహ్మాండంగా వినొచ్చు.

3 ఫీట్లు ముందుకు లాగితే నడిచే దారి పోతుందని ఇంట్లో అంటారు, అది న్యాయమే. వినేటప్పుడు ముందుకు, మిగతా వేళ వెనక్కి జరుపుకునేలా స్టాండు కింద ఫెల్టు ముక్కలు అంటించి, నేల మీద రెండు చోట్లా గుర్తులు పెట్టుకోండి. అస్సలు కుదరకపోతే టీవీ అల్మారి మీదే పెట్టండి, కానీ డబ్బా ముందు ముఖం అల్మారి అంచుతో సమంగా ఉండాలి. లోపలికి నెడితే కింది పలక మీద శబ్దం తగిలి గొంతు డొల్లగా అవుతుంది. బేస్ గాలి బయటికి వచ్చే పోర్టు రంధ్రం వెనక వైపు ఉన్న స్పీకర్ అయితే ఆ రంధ్రంలో మడిచిన సాక్సు పెట్టండి. బేస్ కొంత తగ్గుతుంది, ఉన్నది శుభ్రంగా ఉంటుంది.

మధ్యలో టీవీ ఉంటే స్పీకర్ల ముఖాలు టీవీ తెర కన్నా కనీసం ఫీటు ముందుకు ఉండాలి. పాటలు వినేటప్పుడు తెర మీద మందపాటి దుప్పటి కప్పండి. గాజు పలక మీద నుంచి వచ్చే మెరుపు శబ్దం ఆగిపోయి, గొంతు వెంటనే కుదురుకుంటుంది.

5. ఎత్తు, స్టాండు

ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలి. చెవి ఎత్తు మీరే కొలుచుకోండి, పుస్తకంలో అంకె పనికిరాదు. సోఫాలో కొంచెం వెనక్కి వాలితే చాలామందికి 38 ఇంచుల దగ్గర వస్తుంది. జంబుఖానా మీద బాసింపట్టు వేసుకొని వినే అలవాటు ఉంటే 28 ఇంచులే. ఆ పది ఇంచుల తేడాకు స్టాండే మారిపోతుంది. ఇంట్లో ఎవరు, ఎక్కడ కూర్చొని ఎక్కువ వింటారో చూసి నిర్ణయించుకోండి.

13 ఇంచుల ఎత్తున్న చిన్న స్పీకర్‌లో ట్వీటర్ కింది నుంచి దాదాపు 10 ఇంచుల మీద ఉంటుంది. 24 ఇంచుల స్టాండు మీద పెడితే 34కి వస్తుంది. 38 ఇంచుల చెవికి 4 ఇంచులు తక్కువ. కొత్త స్టాండు అక్కర్లేదు. డబ్బా ముందు రెండు మూలల కింద 11 మిల్లీమీటర్ల ఎత్తు పెట్టి ముఖాన్ని కొంచెం పైకెత్తితే ట్వీటర్ చూపు చెవికి తగులుతుంది.

స్టాండును వెల్డింగ్ షాపులో చేయించుకోవడమే మేలు. 3 × 3 ఇంచుల ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) చదరపు పైపు, 2 మిల్లీమీటర్ల మందం. కింద 12 × 14 ఇంచుల పలక, 6 మిల్లీమీటర్లు. పైన 7 × 9 పలక. పై పలకలో వేలు పట్టేంత రంధ్రం వేయించండి, అది ఇసుక పోయడానికి. ఖాళీ పైపును వేలితో కొడితే గంటలా మోగుతుంది, ఆ మోత పాటలో కలుస్తుంది. ముప్పావు వంతు ఇసుక పోస్తే చచ్చిన చప్పుడు వస్తుంది. ఒక్కో స్టాండుకు నాలుగు కిలోల లోపే పడుతుంది. ఇసుకను జల్లించి రెండు రోజులు ఎండబెట్టాకే పోయాలి. తేమ ఉంటే పైపు లోపలి నుంచి తుప్పు పడుతుంది, అది బయటికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది.

అడుగు బరువు చాలకపోతే గ్రానైట్ ముక్క వాడండి. కరీంనగర్ జిల్లా టాన్ బ్రౌన్ గ్రానైట్‌కు పేరున్న చోటు, కోతలో మిగిలిన ముక్కలు అమ్మే దుకాణాలు చుట్టుపక్కల ఊళ్లలో దొరుకుతాయి. 12 × 12 ఇంచులు, 20 మిల్లీమీటర్ల మందం ముక్క సుమారు 5 కిలోలు. స్టాండుకు మొనదేలిన మేకు కాళ్లు ఉంటే టైల్ మీద నేరుగా పెట్టొద్దు, పెచ్చు లేస్తుంది. ఒక్కో మేకు కింద పది రూపాయల బిళ్ల పెట్టండి. డబ్బాకు, పై పలకకు మధ్య శనగగింజంత బ్లూ ట్యాక్ (మెత్తని జిగురు ముద్ద) ఉండలు నాలుగు మూలలా అంటించి నొక్కితే స్పీకర్ కదలదు. పిల్లలున్న ఇంట్లో ఇది తప్పనిసరి.

6. వైరు, ప్లస్ మైనస్

ఆంప్లిఫయర్ ఆపి, ప్లగ్గు పీకి ఈ పని చేయాలి. 8 ఓమ్‌ల స్పీకర్‌కు, 5 మీటర్ల లోపు దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి జంట వైరు చాలు. 10 మీటర్లకో, 4 ఓమ్‌ల స్పీకర్‌కో 2.5 తీసుకోండి. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు కూడా బజార్లో అమ్ముతారు. చాకుతో ఒక పోగును గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. అది వద్దు. రెండు వైర్లూ ఒకే పొడవు ఉండాలని పట్టుబట్టే పనిలేదు, మీటరు తేడా చెవికి తెలియదు.

ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు. ఒక్క స్పీకర్‌కు తారుమారైతే ఒకటి ముందుకు తోసినప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. బేస్ మాయమవుతుంది, గొంతు ఎటు నుంచి వస్తుందో తెలియకుండా తల చుట్టూ తేలుతుంది. వైరు మీద గుర్తు లేకపోతే సెల్లుతో చూడండి. ఆంప్లిఫయర్ వైపు కొసలు విప్పి, ఎరుపనుకున్న తీగను సెల్లు ప్లస్‌కు, రెండోదాన్ని మైనస్‌కు అర సెకను తాకించండి. వూఫర్ (బేస్ పలికే పెద్ద కోన్) ముందుకు కదిలితే సరే, లోపలికి పోతే తారుమారు. సెల్లును ఆనించి పట్టుకోవద్దు, తాకించి తీసేయాలి. తీగ పోగులు ఒక్కటి కూడా పక్క టెర్మినల్‌ను తాకకుండా మెలిపెట్టి బిగించండి, ఆంప్లిఫయర్ కాలిపోయేది అక్కడే.

7. గొంతును మధ్యలో నిలబెట్టడం

ఇప్పుడు సుతిలి పని. కుర్చీలో తల ఉండే చోట ఒక కర్రో, కెమెరా స్టాండో నిలబెట్టి సుతిలి కట్టండి. ఎడమ ట్వీటర్ వరకు లాగి ముడి వేయండి. అదే సుతిలిని కుడి ట్వీటర్‌కు లాగితే ముడి అక్కడికే రావాలి. పావు ఇంచు తేడా వరకు పరవాలేదు. శబ్దం ఒక ఇంచు దాటడానికి 73 మైక్రోసెకన్లు పడుతుంది. చెవులు రెంటికీ మధ్య ఆ మాత్రం తేడాను కూడా మెదడు పట్టేస్తుంది. స్పీకర్ ఒక ఇంచు ముందుకుంటే గొంతు అటు వైపు ఒరుగుతుంది, ఫీటు ముందుకుంటే అంతా అటే పోతుంది.

సరి చూడటానికి మోనో పాట, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చే పాట, కావాలి. 1950లు, 60ల నాటి ఘంటసాల పాటలు చాలావరకు మోనోలోనే రికార్డయ్యాయి. తర్వాత స్టీరియోగా సాగదీసిన కాపీలు కాకుండా, పాత మోనో ముద్రణే ఎంచుకోండి. కళ్లు మూసుకొని వినండి. ఆయన గొంతు రెండు స్పీకర్ల నడిమధ్య, మనిషి నోరంత వెడల్పులో, నిలబడి పాడుతున్నట్టు ఉండాలి. తల అంత వెడల్పైతే పరవాలేదు. తలుపంత వెడల్పైతే సుతిలి మళ్లీ లాగండి, ప్లస్ మైనస్ మళ్లీ చూడండి. రెండూ సరిగ్గా ఉండి కూడా ఒక పక్కకు లాగుతుంటే తప్పు పక్క గోడల్లో ఉంది.

8. లోపలికి ఎంత తిప్పాలి

స్పీకర్ ముఖం నేరుగా ఎదుటి గోడను చూడొచ్చు, మన వైపు తిరిగీ ఉండొచ్చు. టైల్స్, బోసి గోడలు ఉన్న హాల్లో లోపలికి తిప్పడమే మంచిది, పక్క గోడ మీద పడే పై శబ్దం తగ్గుతుంది. మూలమట్టం లేకుండానే కోణం కొలవొచ్చు. 8 ఇంచుల వెడల్పు డబ్బా అనుకోండి. వెనక రెండు మూలల నుంచి వెనక గోడకు దూరం కొలవండి. తేడా 4 ఇంచులైతే స్పీకర్ సరిగ్గా మీ ముఖాన్ని చూస్తోంది. 2 ఇంచులైతే సగం తిరిగింది. సున్నా అయితే నేరుగా ఉంది. రెండు ఇంచులంపావు నుంచి మూడు మధ్య మొదలుపెట్టండి. స్పీకర్ డబ్బాకు లోపలి వైపున్న పక్క పలక, మీరు కూర్చున్న చోటు నుంచి సన్నగా కనబడాలి, అదే కంటి గుర్తు.

ఎక్కువ తిప్పితే గొంతు పదునెక్కుతుంది, వయొలిన్ చెవిలో గుచ్చుకుంటుంది, పాట పరుచుకున్నట్టు వినిపించే వేదిక ఇరుకవుతుంది. తక్కువైతే వేదిక వెడల్పవుతుంది కానీ మధ్యలో ఖాళీ పడుతుంది. ఒకసారికి పావు ఇంచే మార్చండి. రెండు డబ్బాలకూ ఒకే అంకె ఉండాలి, రాసుకోండి.

ఇక్కడే బేస్ సవరణ కూడా. డోలు వినండి. ఒగ్గు డోలు దెబ్బ మంచి పరీక్ష. దెబ్బ పడగానే తోలు మీది చరుపు, దాని వెంటే కడుపులోంచి వచ్చే బరువు, తర్వాత నిశ్శబ్దం. బరువు ఆగకుండా సాగి తర్వాతి దెబ్బను కమ్మేస్తుంటే రెండు స్పీకర్లనూ ఒకేసారి 3 ఇంచులు ముందుకు లాగండి. పలచబడితే వెనక్కి. అప్పటికీ లొంగకపోతే సోఫాను ఫీటు ముందుకో వెనక్కో జరపండి. బేస్ విషయంలో కుర్చీ జరపడానికున్న బలం ఇంక దేనికీ లేదు. కొలిచి చూడాలనుకుంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక యూఎస్‌బీ మైకు సరిపోతాయి. ఫోన్ మైకు ఎడమ కుడి పోల్చడానికి పనికొస్తుంది, బేస్ అంకెలకు దాన్ని నమ్మొద్దు.

9. జంబుఖానా, దూది

హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్లు కొట్టండి. చివర్లో జర్రున తీగ లాగినట్టు వినిపిస్తే ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతిలా ఆడుతోందని అర్థం.

మొదటి తాకిడి చోట్లు పట్టుకోవడానికి అద్దం కావాలి. మీరు వినే కుర్చీలో కూర్చోండి. తోడు మనిషి మీ చెవి ఎత్తులో అద్దాన్ని పక్క గోడకు ఆనించి మెల్లగా జరపాలి. అద్దంలో ట్వీటర్ కనబడిన చోట టేపు అంటించండి. మన లెక్క గదిలో అది స్పీకర్ గీతకు ఫీటు తొమ్మిది ఇంచులు ముందుకు వస్తుంది. రెండో గోడకూ అంతే. నేల మీద ఆ చోటు స్పీకర్‌కు, మీకు దాదాపు సగం దూరంలో ఉంటుంది.

నేలకు జంబుఖానా. వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కొత్తవాడలో మగ్గాల మీద నేస్తారు. ఒక్కటి పలచనిది, పై శబ్దాన్ని మాత్రమే కొంచెం ఆపుతుంది. రెండు మడతలు వేసి, కింద పాత బొంత పరిస్తే పని చేస్తుంది. బేస్‌కు దీంతో ఏమీ కాదు, ఆశ పెట్టుకోవద్దు.

గోడకు దూది పలకలు. పత్తి పండే ఊళ్లో ఉండి ఫోమ్ తెప్పించుకోవాల్సిన పనిలేదు. 2 × 4 ఫీట్ల చెక్క చట్రం, 4 ఇంచుల లోతు. వెనక దోమతెర గుడ్డ కొట్టి, ఏకిన దూది నింపి, ముందు నేత గుడ్డ బిగించాలి. గుడ్డను నోటికి ఆనించి ఊదండి. ఊపిరి దాటితే శబ్దమూ దాటుతుంది, దాటకపోతే ఆ గుడ్డ వద్దు. దూది కొన్నాళ్లకు కిందికి జారి పై భాగం డొల్ల అవుతుంది. పరుపుకు వేసినట్టే ప్రతి 6 ఇంచులకు టాకాలు వేయించండి. గోడకు, పలకకు మధ్య 2 ఇంచుల ఎడం వదిలితే ఇంకా కింది శబ్దాల వరకు పట్టుకుంటుంది. దూదికి నిప్పు తొందరగా అంటుకుంటుంది కాబట్టి దీపం గూడుకు, స్విచ్ బోర్డుకు దూరం. నిప్పు భయం ఉన్నవాళ్లు ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్న రాక్‌వూల్ (రాతి ఉన్ని) పలకలు వాడొచ్చు. కోసేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతులకు గ్లవుజులు కావాలి.

గుడ్ల అట్టలు, థర్మకోల్ అంటించొద్దు. రెండూ శబ్దాన్ని పెద్దగా పీల్చవు, అంటించినవాళ్లు డబ్బు, గోడ రెండూ పోగొట్టుకుంటారు. బేస్ మోతకు మూలల్లో మందం కావాలి. వాడని దూది పరుపును చుట్టి, స్పీకర్ల వెనక మూలల్లో నిలువుగా నిలబెట్టి చూడండి. పని చేస్తే తర్వాత చట్రం కట్టించుకోవచ్చు. అయితే గది మొత్తం దూదితో నింపేయొద్దు. పై శబ్దమంతా చచ్చిపోయి బేస్ ఒక్కటే మిగిలితే హాలు గోదాములా ఉంటుంది. మీ వీపు వెనక గోడకు పుస్తకాల అల్మారి చాలు.

10. చప్పుళ్లు, హమ్, ఎండాకాలం

ఫోన్‌ను ఆంప్లిఫయర్‌కు కలిపి, టోన్ జనరేటర్ యాప్‌తో 30 నుంచి 200 హెర్ట్జ్ వరకు మెల్లగా పోనివ్వండి, మామూలు వాల్యూమ్‌లో మాత్రమే. షోకేసు గాజు తలుపు, పటాల ఫ్రేములు, కిటికీ గ్రిల్, అటక మీది స్టీలు గిన్నెలు ఒక్కొక్కటే పలుకుతాయి. గాజు కింద రబ్బరు ముక్క, పటం వెనక ఫెల్టు పెట్టండి. స్పీకర్ చెడిపోయిందనుకొని షాపుకు తీసుకెళ్లేముందు ఇది చేయాలి.

బర్ర్ మనే శబ్దం వస్తుంటే ఫ్యాన్ ఆపి చూడండి. ఆగితే రెగ్యులేటర్ మెట్లు లేకుండా నున్నగా తిరిగే ఎలక్ట్రానిక్ రకం. కెపాసిటర్ మెట్ల రకం వేయిస్తే పోతుంది. ఆగకపోతే సెట్ టాప్ బాక్స్ వెనక కేబుల్ వైరు పీకి చూడండి, ఎర్త్ తగాదా ఎక్కువగా అక్కడిదే.

ఏప్రిల్, మే నెలల్లో కూలర్ గాలి నేరుగా స్పీకర్ మీదికి రాకుండా చూడాలి. ఆ తేమకు కాగితపు కోన్ మెత్తబడుతుంది. పడమటి కిటికీ ఎండ కూడా పడకూడదు. స్పీకర్ అంచున ఉండే ఫోమ్ చుట్టు వేడికి పెళుసెక్కి రాలిపోతుంది, రబ్బరు చుట్టు ఎక్కువ కాలం ఆగుతుంది. పోర్టు రంధ్రంలోకి బల్లులు, బొద్దింకలు దూరతాయి. వాడనప్పుడు దోమతెర ముక్క రబ్బరు బ్యాండుతో బిగించి, వినేటప్పుడు తీసేయండి. సోఫా కింద నుంచి పోయే వైరును పీవీసీ పట్టీలో పెడితే ఎలుకల బెడద తగ్గుతుంది.

అంతా కుదిరాక స్టాండు కాళ్ల చుట్టూ నేల మీద టేపు అంటించి, గోడల దూరాలు, కోణం అంకె, సుతిలి పొడవు నోటు పుస్తకంలో రాసి పెట్టండి. దసరాకు సున్నాలు వేసేటప్పుడు సామానంతా బయటికి పోతుంది, టేపు కూడా ఊడిపోతుంది. అప్పుడు స్పీకర్లను తిరిగి నిలబెట్టడానికి ఆ పేజీ ఒక్కటి చాలు, అరగంట పని.